నాన్నని మళ్ళీ నిలబెట్టారు

మా నాన్న కూర్చుని చనిపోయారు. వరండాలో పడక కుర్చీలో, కాఫీ గ్లాసు కింద పెట్టి, పేపరు ఒళ్ళో పరుచుకుని, అలాగే వెళ్ళిపోయారు. పక్కింటావిడ ఏడుస్తూ వచ్చి “అంత మిలట్రీ మనిషి, కుర్చీలోనా అండి” అంది. యుద్ధభూమి మా వీధి చివరే ఉన్నట్టూ, బద్ధకించి ఆయన అక్కడిదాకా వెళ్ళనట్టూ ఉంది ఆవిడ బాధ. అమ్మ ఏడుపు ఆపి, కొంగుతో ముక్కు తుడుచుకుని, “ఇప్పుడిప్పుడే కూర్చోడం వచ్చిందండి ఆయనకి” అంది.

ఆ మాట అర్థం కావాలంటే నాన్న ఉద్యోగాల గురించి చెప్పాలి. ఉద్యోగాలు మూడు, పని ఒక్కటే. నిలబడటం.

మాది పెంటపాడు పక్కన ఒక ఊరు. వీధికో మాజీ సైనికుడు ఉంటాడు కాబట్టి మిలట్రీ అంటే మా ఊళ్ళో ఎవరూ ఉలిక్కిపడరు. నాన్న హవల్దారుగా రిటైరయ్యారు. సర్వీసంతా కాపలా డ్యూటీలే. మంచుకొండల దగ్గర ఏదో గేటు, ఎడారిలో ఏదో గోడౌను, ఇంకెక్కడో ఏదో వంతెన. వాటి ముందు నిలబడ్డారు. చిన్నప్పుడు నేను “ఎంతమందిని కాల్చారు నాన్నా” అని అడిగితే “ఎవరూ రాలేదురా” అనేవారు.

“ఎందుకు రాలేదు?”

“నేను నిలబడి ఉన్నాను కదా.”

నాకది పెద్ద నిరాశ. బళ్ళో నా పక్క బెంచీ వాడి నాన్న లారీ డ్రైవరు. ఆయన కనీసం ఒక గేదెనైనా గుద్దాడు.

ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవారు. తాడేపల్లిగూడెం స్టేషన్లో దిగేసరికి చుట్టాలు సిద్ధంగా ఉండేవారు. ముందు ట్రంకుపెట్టె అందుకునేవారు, అందులో క్యాంటీను రమ్ము ఉందని తేలాక ఆయన్ని కౌగిలించుకునేవారు. నాకూ అక్కకీ కూడా ఆయన మంచి చుట్టమే. చుట్టం కాబట్టి ఉన్నన్నాళ్ళూ బుద్ధిగా ఉండేవాళ్ళం, ఆయన రైలెక్కాక ఇల్లు మళ్ళీ మామూలు ఇల్లయ్యేది. కుటుంబం కోసమే ఆయన కుటుంబంలో లేకుండా పోయారు. ఈ వాక్యం రాసుకుని మురిసిపోయి అమ్మకి చదివి వినిపించాను. “బానే ఉంది గానీ, ఆయన లేనన్నాళ్ళూ ఇంటికి బియ్యం బస్తాలు ఎవరు మోయించారో కూడా రాయి” అంది. రాశాను.

రిటైరయ్యాక ఇంటికొచ్చేస్తారనుకున్నాం. వచ్చారు, బట్టలు మార్చుకోడానికి. ఆ యూనిఫాం విప్పి, గూడెంలో ఒక బ్యాంకు గేటు దగ్గర ఇంకో యూనిఫాం తొడుక్కున్నారు. చేతిలో తుపాకీ, జేబులో పెన్ను. తుపాకీతో ఎవరికీ పని పడలేదు గానీ, పెన్ను కోసం మాత్రం ఊరంతా ఆయన దగ్గరకే వచ్చేది. సాయంత్రం ఇంటికొచ్చి మేజోళ్ళు విప్పితే, వాచిన కాళ్ళ మీద గాజులు తొడిగినట్టు గీతలు పడి ఉండేవి. బ్యాంకు వాళ్ళు ఒక స్టూలు ఇచ్చారు. దాని మీద ఆయన టిఫిను క్యారేజీ కూర్చునేది.

నేను ఇంజినీరింగులో చేరాక ఆ జీతం చాలలేదు. తెలిసిన రైతు ఒకాయన, కొల్లేటికోట వైపు తన చేపల చెరువులకి నమ్మకమైన కాపలా మనిషి కావాలన్నాడు. అన్నం, పాక, జీతం. నాన్న వెళ్ళిపోయారు.

అక్కడ శత్రువులు నీటికాకులు. చేపపిల్లల్ని వదిలిన చెరువు మీద మందలుగా దిగి మింగేస్తాయి. తెల్లారకముందే గట్టు మీద నిలబడి టపాకాయలు పేల్చాలి, రేకుడబ్బా మోగించాలి. జీతం పుచ్చుకుని నాన్న తన జీవితంలో పేల్చిందంతా వాటి మీదే. వాటికి ఏమీ అయ్యేది కాదు. లేచి పక్క చెరువు మీదికి పోయేవి. అక్కడి కాపలావాడు పేల్చి మళ్ళీ మా నాన్న మీదికి తోలేవాడు. దేశాల సరిహద్దుల గురించి నేను కొద్దో గొప్పో అర్థం చేసుకున్నది అక్కడే.

చదువయ్యాక నాకు ఏలూరులో చేపల మేత అమ్మే ఉద్యోగం దొరికింది. పని మీద అటు వెళ్ళినప్పుడల్లా అమ్మ ఇచ్చిన పచ్చళ్ళు పట్టుకుని ఆ పాక దగ్గర ఆగేవాణ్ణి. ఎప్పుడు వెళ్ళినా గట్టు మీద నిలబడే ఉండేవారు.

“కూర్చోండి నాన్నా, మంచం ఉంది కదా.”

“కూర్చుంటే చెరువు ఆ చివర కనబడదురా.”

“ఆ చివర ఏముంది?”

“ఏమీ లేదు. ఏమీ లేదని చూసుకోవాలి కదా.”

“నాకు జీతం వస్తోంది. మీరింక మానేసి ఇంటికొచ్చెయ్యండి.”

“ఈ పట్టుబడి అయిపోనీ.”

చేపలు పట్టి అమ్మడమే పట్టుబడి. అది అయిపోయేది, కొత్త పిల్లలు పడేవి. ఆ పట్టుబడి కూడా అయిపోనీ అనేవారు. చివరికి ఆయన్ని మాన్పించింది నేనూ కాదు, అమ్మా కాదు. కాలి నరం చిట్లి పుండు పడింది. ఏలూరులో డాక్టరు చూసి, “ఈ కాళ్ళతో ఇంక నిలబడకూడదండి, కాళ్ళు ఎత్తులో పెట్టుకుని కూర్చోవాలి” అన్నాడు. నాన్న ఆ మాట కూడా నిలబడే విన్నారు.

అప్పుడు అమ్మ పడక కుర్చీ కొంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొగుడు ఇంట్లో పడ్డాడు, కాబట్టి ఎలాగైనా కూర్చోబెట్టాలని పట్టుబట్టింది. ఆయన పేపరు స్తంభానికి ఆనుకుని చదివేవారు. గేటు చప్పుడైతే, వచ్చింది కోడైనా సరే, లేచి నిలబడేవారు. అమ్మ ఒక ఉపాయం పన్నింది. కుర్చీలో ఉంటేనే కాఫీ. లేస్తే గ్లాసు వెనక్కి.

“ఏవండీ, నేను అటు తిరిగాక లేచారు, చూశాను.”

“లేవలేదే. సర్దుకున్నాను.”

“సర్దుకోడం కూడా కూర్చునే చెయ్యండి.”

ఇలా కొన్ని నెలల్లో మా నాన్నకి కూర్చోవడం వచ్చింది. వచ్చాక ఆయన ఎక్కువ రోజులు ఉండలేదు.

ఇక మా పెదనాన్న. నాన్నకి స్వయానా అన్నగారు, ధాన్యం కమీషన్ వ్యాపారం. ఊళ్ళో పెద్దమనిషే, కాకపోతే ఆ పెద్దరికం ఇంకొంచెం సాగితే బావుండుననే మనిషి. పంచాయతీ ఎన్నికల మాట వినబడితే ఆయన చెప్పుల చప్పుడు కూడా మారుతుంది. నాన్న పెద్దకార్యం రోజు, బంతి భోజనాలు నడుస్తుండగా, ఆయన లేచి గొంతు సవరించుకున్నారు. పెరుగు వడ్డించే వాడు కూడా ఆగిపోయాడు.

“మా తమ్ముణ్ణి ఈ ఊరు మర్చిపోకూడదు. కూడలిలో, బస్సులాగే చోట, నిలువెత్తు విగ్రహం పెట్టిస్తున్నాను. ఖర్చంతా నాదే.”

అమ్మ బావగారి ఎదుట కూర్చోదు, ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే గుమ్మం అవతల ఉండి గోడకి చెప్పినట్టు చెబుతుంది. ఆ వేళ గోడ అవతల నుంచి గొంతు వచ్చింది.

“నిలువెత్తంటే నిలబెట్టడమేనా అండి, బావగారూ?”

“విగ్రహం నిలబడకపోతే పడుకుంటుందేంటమ్మాయ్?”

“అయితే వద్దండి.”

పెదనాన్న నవ్వారు, చిన్నపిల్ల అలిగితే నవ్వినట్టు.

“బోర్డర్లో నిలబడ్డారండి,” అంది అమ్మ. “బ్యాంకు ముందర నిలబడ్డారు. కొల్లేరు గట్టున ఎండలోనూ వానలోనూ నిలబడ్డారు. ఇప్పుడు పోయాక కూడా రోడ్డు మీద నిలబెడతారా? ఆయన కాళ్ళు మీరెవరూ చూడలేదండి. చితి మీద పెట్టేదాకా ఆ వాపు తగ్గలేదు.”

“అమ్మాయ్, అది నీ బాధ. ఇది ఊరి గౌరవం.”

తింటున్నవాళ్ళంతా గౌరవం వైపు తలలూపారు. బాధ వైపు అమ్మా నేనూ మిగిలాం. నేను ఊరుకోలేక, “విగ్రహం కింద ఏం రాయిస్తారు పెదనాన్నా?” అన్నాను.

“ఏముంది, శత్రువుల్ని తరిమికొట్టిన వీరుడు అని.”

“నీటికాకులా?”

“నోర్ముయ్యరా. తండ్రి పోయినా నీకు వేళాకోళం పోలేదు.”

నిజమే, పోలేదు. నాకు నాన్న నుంచి ఆస్తిగా వచ్చిందల్లా అదే, ఎలా వదులుకుంటాను.

అమ్మ మాట నెగ్గేలా కనబడలేదు. పంచాయతీలో సరే అన్నారు, ఊళ్ళో మాజీ సైనికులు సరే అన్నారు, కూడలిలో టీకొట్టు వాడు కూడా వ్యాపారం పెరుగుతుందని సరే అన్నాడు. నిలబెట్టడం తప్పదని తెలిశాక అమ్మ నన్ను పిలిచింది. “పోనీ, కూర్చున్నట్టు చేస్తారేమో కనుక్కుని రా. కుర్చీ వద్దులే, రాయి మీదైనా సరే.”

విగ్రహాలు చేసే షెడ్డు గూడెం దాటాక పెద్దరోడ్డు పక్కన ఉంది. లోపల చెయ్యెత్తిన నాయకులు, చెయ్యి దించిన నాయకులు, మొండేల కోసం చూస్తున్న తలలు. శిల్పిగారు ఒక దేవుడి మోకాలిని నున్నగా గీకుతున్నారు. దేవుళ్ళు మాత్రం హాయిగా కూర్చుని ఉన్నారు.

“మిలట్రీ ఆయన్ని కూర్చున్నట్టు చేస్తారాండి?” అన్నాను.

“ఆయ్, చేయొచ్చండి. కానీ కూర్చున్న మిలట్రీవోణ్ణి ఎవరు చూస్తారండీ? పైగా అచ్చు లేదండి. నిలబడ్డదైతే రెడీగా ఉంది, తుపాకీతో సహా. తల ఒక్కటీ చేసుకుంటే సరిపోద్ది.”

“తల మా నాన్నదే పెడతారు కదా?”

“అదేంటండీ బాబూ, అలా అంటారు. ఫొటో పట్రండి మరి.”

ఫొటో దగ్గరే చిక్కొచ్చింది. ఇంట్లో వెతికితే తేలిందేమిటంటే, మా కుటుంబం ఫొటోలు వేటిలోనూ నాన్న లేరు. పెళ్ళిళ్ళకీ బారసాలలకీ సెలవు దొరకలేదు. దొరికినప్పుడు కెమెరా ఆయన చేతిలోనే ఉంది. ఆర్మీ గ్రూపు ఫొటోలో చివర నిలబడ్డ మనిషి ఆయనేనని మాకు చెప్పింది ఆయనే. మిగిలింది గుర్తింపు కార్డు మీది బొమ్మ, అది చూస్తే ఎవరినైనా అరెస్టు చేయొచ్చు. ఈమధ్య నేను ఫోన్లో తీసినవి కొన్ని ఉన్నాయి, అన్నిట్లోనూ కుర్చీలో కూర్చుని, లుంగీ, గడ్డం మాసి.

“వీరుడికి గడ్డమేంట్రా,” అని పెదనాన్న వాటిని పక్కన పడేశారు. శిల్పి ముందునుంచి ఒకటీ, పక్కనుంచి ఒకటీ స్పష్టంగా కావాలన్నాడు. పెదనాన్న చొక్కా సర్దుకుని, షెడ్డులో స్టూలు మీద పక్కకి తిరిగి కూర్చున్నారు.

“మేమిద్దరం ఒక్క అచ్చేనయ్యా. పక్క నుంచి నన్ను చూసి కానిచ్చెయ్యి.”

పక్క నుంచి మొదలైంది. పక్క అయ్యాక ముందు కూడా కొంత అన్నారు. నాన్నకి మీసం లేదు. “మీసం లేని సోల్జరుని జనం ఒప్పుకోరండి” అన్నాడు శిల్పి. పెదనాన్నకి ఉంది, దాన్నే పెట్టాడు. నాన్న బుగ్గలు లోపలికి ఉండేవి, పెదనాన్న బుగ్గలకి ఎప్పుడూ ఏ లోటూ లేదు. మట్టి బొమ్మ సిద్ధమైందని కబురొస్తే నేను వెళ్ళి చూశాను. బెల్టు పెట్టుకుని, తుపాకీ పట్టుకుని, మా పెదనాన్న నిలబడి ఉన్నారు. పక్కన నిజం పెదనాన్న చేతులు కట్టుకుని దాన్ని చూస్తున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు.

“తమ్ముడు లేచొచ్చినట్టుందిరా,” అన్నారు.

నేను ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ కంది పప్పులో రాళ్ళు ఏరుతోంది.

“ముక్కు?” అంది.

“పెదనాన్నదే.”

“బుగ్గలు?”

“అవీ ఆయనవే. అచ్చు మీద పొట్ట కూడా కొంచెం అతికించారు, బెల్టు పైకి కట్టారు.”

“మీ నాన్నగారివి ఏవీ లేవా?”

“యూనిఫాం మీద పేరు పట్టీ ఉంది.”

అమ్మ చేట పక్కన పెట్టేసింది. నాన్న పోయాక మొదటిసారి నవ్వింది. నవ్వి నవ్వి, ఆ నవ్వు ఎటో వెళ్ళి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత మళ్ళీ చేట అందుకుంది.

“ఎవరికీ చెప్పకు.”

“పెదనాన్నకి?”

“ఆయనకి అసలే చెప్పకు. పాపం, సరదాపడి నిలబడతానంటున్నారు.”

ఆ సాయంత్రం పెదనాన్న వస్తే గుమ్మం అవతల నుంచి “మీ ఇష్టమండి, బావగారూ” అంది. ఆవిడ గుండె దిటవు చేసుకుందని ఊరంతా చెప్పుకున్నారు. మిలట్రీ ఆయన భార్య కదా అన్నారు.

విగ్రహం ఆవిష్కరణకి గూడెం నుంచి ఒక నాయకుణ్ణి పిలిచారు. ఆయన వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ముసుగు లాగితే అది తుపాకీ మొనకి పట్టుకుంది. ఒక కుర్రాడు నిచ్చెనెక్కి విడిపించాడు. వెండిరంగు పూసిన పెదనాన్న ఎండలో మెరిసిపోయారు. చప్పట్లు మోగాయి.

నేను విగ్రహం వంక చూడలేదు, జనం వంక చూశాను. నాన్నతో ఈతకి వెళ్ళిన వాళ్ళున్నారు. గట్టు గట్టు కలిసిన దాయాదులున్నారు. సెలవుకొచ్చిన ప్రతిసారీ గ్లాసు తెచ్చుకుని మా అరుగు మీద కూర్చున్న వాళ్ళున్నారు. ఒక్కరికైనా అనుమానం రావాలి కదా. “అచ్చు ఆయనే” అన్నాడు ఒకడు. “ఆ చూపు చూడండి, ఆ చూపు” అన్నాడు ఇంకొకడు. బళ్ళో తెలుగు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి తల పంకించారు. ఎప్పుడూ ఊరి బయట ఏదో గేటు దగ్గరో, గట్టు మీదో నిలబడ్డ మనిషి ముఖం ఊరికి ఎలా గుర్తుంటుంది? నవ్వుకుందామని తయారుగా వచ్చాను. నవ్వు రాలేదు.

మైకులో “ఇప్పుడు వీరపత్ని గారు పూలమాల వేస్తారు” అన్నారు.

అమ్మ చేతిలో మాల పెట్టారు. బంతిపూల మాల, బరువుగా ఉంది. అమ్మ తలెత్తి విగ్రహాన్ని చూసింది. చూసీ చూడగానే కొంగు భుజం మీదికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది. మా వైపు ఆడవాళ్ళు బావగారి ఎదురు కూడా రారు. మెడలో మాలంటే ఇంక చెప్పాలా. జనానికి అది దుఃఖంలా కనబడింది. నలుగురు ఆడవాళ్ళు పట్టుకోబోయారు. అమ్మ వాళ్ళని తప్పించుకుని, మైకు పట్టుకున్న ఆయనతో, “పెద్దవారుండగా నేనేంటండి. బావగారి చేత వేయించండి” అంది.

ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నారంతా. పెదనాన్న పొంగిపోయారు. నిచ్చెన ఎక్కి, తన మెడలో తానే మాల వేసి, ఫొటోలకి ఇటు తిరిగారు. రెండు ముఖాలు పక్కపక్కనే. ఒకదానికి చెమట పట్టింది, అంతే తేడా. అప్పుడు కూడా ఎవరికీ ఏమీ తట్టలేదు.

మాజీ సైనికులు వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. వాళ్ళలో ఏలూరు నుంచి వచ్చిన సుబేదారుగారొకరు ఉన్నారు. రిటైరయ్యారు, నాన్నతో చాలాకాలం ఒకే యూనిట్లో చేశారు. ఆయన కూడా గట్టిగా మడమ కొట్టి సెల్యూట్ చేసి, చెయ్యి దించి, అక్కడే కాసేపు నిలబడిపోయారు. తర్వాత మజ్జిగ గ్లాసు పట్టుకుని నా దగ్గరకి వచ్చారు. పెదనాన్న ఆ పక్కనే నాయకుడికి కొబ్బరిబొండం అందిస్తున్నారు.

“ఏరా అబ్బాయ్, నేనిప్పుడు సెల్యూట్ కొట్టింది ఎవరికి?”

“మా పెదనాన్నకండి.”

ఆయన విగ్రహం వంక చూశారు, కొబ్బరిబొండం వంక చూశారు. ఆ మాట చెవినబడి, బొండం పట్టుకున్న పెదనాన్న చెయ్యి గాల్లో ఆగిపోయింది.

“మరి మావాడేడీ?” అన్నారు సుబేదారుగారు.

“ఆయన్ని పెట్టలేదండి అన్నయ్యగారూ,” అంది అమ్మ వెనక నుంచి. “మీరు భోజనానికి ఇంటికి రండి.”

ఆయన వచ్చారు. అన్నం తిన్నారు. నాన్న గురించి వీరగాథేదైనా చెబుతారేమోనని చూశాను. ఇద్దరూ ఒక గేటుకి చెరోవైపు నిలబడేవారట, మాట్లాడుకోకూడదట, కాబట్టి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదట. వంకాయ కూర బాగుందన్నారు.

తర్వాత కొన్నాళ్ళు పెదనాన్న మా వైపు రాలేదు. బస్సెక్కాల్సి వస్తే కూడలి మానేసి ముందు స్టాపుకి నడిచి వెళుతున్నారని తెలిసింది. పండగ రోజున ఎవరో కొత్త మాల వేశారట. బతికున్న మనిషి మెడలో దండలు పడుతున్నాయని పెద్దమ్మ ఉపవాసాలు మొదలుపెట్టిందట. ఎన్నికల మాట మాత్రం ఎత్తడం లేదట. ఒక సాయంత్రం వచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డారు. ఆ షెడ్డు శిల్పితో మాట్లాడారట. ముక్కు కొంచెం చెక్కి, బుగ్గలు తగ్గించి, మీసం తీసేస్తే ఒక్కరోజు పనేనట.

“తమ్ముడిలాగే వచ్చేస్తుందంటున్నాడమ్మాయ్. నువ్వు సరేనంటే రేపే చేయిస్తాను.”

అమ్మ గుమ్మం అవతలే ఉంది. గోడకి చెప్పినట్టే చెప్పింది.

“వద్దండి బావగారూ. మీకు బాగా కుదిరింది.”